చెవి మిషన్: సర్కారుదా, షాపుదా?

(దేవరకొండలో రిటైర్డ్ కార్మికుల నెలవారీ సమావేశంలో ఒక మాజీ కండక్టరు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం ఫోన్ రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాది ఆయన అన్నట్టే ఉంది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినబడుతుందా? వినబడనివాళ్ళు చెయ్యెత్తండి. ఎవరూ ఎత్తలేదు. అంటే అందరికీ వినబడుతున్నట్టా, చెయ్యెత్తమన్నదే వినబడలేదా? నవ్వకండి, నేను ఏడేళ్ళు ఇట్లాగే బతికాను. ఎవరేమన్నా తలూపేవాణ్ణి. ఒక పెళ్ళిలో ఒకాయన తన తమ్ముడు పోయిన సంగతి చెప్తుంటే, నేను నవ్వుకుంటూ "మంచిది మంచిది" అన్నాను. ఆయన ఇప్పటికీ నాతో మాట్లాడడు.

నన్నే ఎందుకు మాట్లాడమన్నారంటే, ఈ హాల్లో రెండు రకాల మిషన్లూ పెట్టుకున్న మనిషిని నేనొక్కణ్ణే. ఇదిగో, కుడి చెవిది ఫ్రీగా ఇచ్చింది, ఎడమ చెవిది కొన్నది. మూడోది కూడా ఉంది, అది ఇంట్లో బీరువాలో ఉంది. మూడింట్లో ఖరీదైంది అదే. దాని కథ కూడా చెప్తా. నేను డాక్టర్ను కాదు, ముప్పై ఒక్క సంవత్సరాలు టికెట్లు కొట్టిన మనిషిని. తిరిగి తిరిగి తెలుసుకున్నది చెప్తా, అంతే.

బస్సులో టికెట్ కొట్టడం చేత్తో చేసే పని అనుకుంటారు. కాదు, చెవితో చేసే పని. హైదరాబాద్ నుంచి మన రూటు మీకు తెలుసు కదా, ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్, చింతపల్లి, మల్లేపల్లి, దేవరకొండ. ఎక్కడికమ్మా అంటే ఆమె ఏదో పల్లి అంటుంది. నాకు పల్లి ఒక్కటే వినబడేది. చింతపల్లా, మల్లేపల్లా? మళ్ళీ అడిగితే ఆమె ఇంకా గట్టిగా అనేది, నాకు పల్లి ఇంకా గట్టిగా వినబడేది! ముందున్న ముక్క మాత్రం రాదు. ఒకసారి మల్లేపల్లి పోయే ముసలామెకు చింతపల్లి టికెట్ ఇచ్చాను. చింతపల్లి దాటాక చెకింగ్ ఎక్కింది. ఆమె కొంగులో నుంచి టికెట్ తీసి చూపిస్తూ "నేను చెప్పిన కదా బిడ్డా, చెప్పిన కదా" అంటుంటే నేను తల దించుకున్నాను. తప్పు నాదే. అప్పటికే రెండేళ్ళుగా ఇట్లాంటివి జరుగుతున్నాయి, ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఉద్యోగం ఏమవుతుందో అని టెన్షన్.

ఎందుకు పల్లి వినబడి మల్లే వినబడలేదో నాకు తర్వాత ఒక అమ్మాయి చెప్పింది, ఆడియాలజిస్టు, అంటే వినికిడి పరీక్ష చేసి మిషన్ సరిచేసే ఆమె. ఆ అమ్మాయి నోటికి అట్ట అడ్డం పెట్టుకొని పప్పు, తప్పు, కప్పు, చెప్పు, ఉప్పు అని ఒక్కో మాటా అంది, నన్ను తిరిగి అనమంది. నేను ఐదింటికీ ఉప్పు అన్నాను. ఐదింటికీ! మా ఆమె పక్కనే కూర్చుంది, "అందుకేనా ఇంట్లో నాలుగు ఉప్పు ప్యాకెట్లున్నయి" అంది. సంగతేమిటంటే, ఆ, ఉ లాంటి అచ్చులు లావు గొంతు శబ్దాలు, అవి మనకు వినబడుతూనే ఉంటాయి. త, క, స, చ లాంటివి సన్నటి శబ్దాలు, చాలామందికి వయసుతో ముందు పోయేవి అవే. ఆడవాళ్ళ గొంతు, చిన్నపిల్లల గొంతు కూడా సన్నవే. "మా ఆమె మాట వినబడదు గానీ దోస్తుల మాట బాగా వినబడుతుంది" అని మనం అంటుంటే ఇంట్లోవాళ్ళు వేరే అర్థం తీస్తారు. పాపం, మన తప్పు కాదది.

ఇప్పుడు ఈ ఒక్క సంగతి గట్టిగా పట్టుకోండి. మనకు చప్పుడు తక్కువవలేదు, మాటలో ఒక ముక్క పోయింది. అరిస్తే రాదు. పోయిన ముక్కను మాత్రమే పెంచాలి, ఉన్నదాన్ని పెంచకూడదు. ఆ పోయిన ముక్క నాకొకటి, మీకొకటి. అందుకే కళ్ళజోడు మాదిరి ఒకరిది ఇంకొకరు పెట్టుకుంటే నడవదు. ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలకు వస్తుంది చూడండి, చెవిలో పెట్టుకునేది, పిల్లలు ప్రేమతో తెప్పించి ఇస్తారు. అది అన్ని శబ్దాలనూ ఒకే తీరుగా లేపుతుంది. గిన్నె కింద పడితే చెవిలో బాంబు పడ్డట్టుంటుంది. పైగా ఆ గట్టి శబ్దం మిగిలిన కాస్త వినికిడిని కూడా పాడుచేస్తుంది. అది చెవి మిషన్ కాదు, మైకు.

మిషన్ సంగతి తర్వాత, ముందు డాక్టరు. మన డిపోలో పనిచేసిన డ్రైవరన్న ఒకాయన, పేరు చెప్పను, ఇక్కడే కూర్చున్నాడు, వినబడటం లేదని ముప్పై వేలు జేబులో పెట్టుకొని మిషన్ కొనడానికి పోబోయాడు. ముందు సర్కారు దవాఖానాలో చూపించుకో అన్నాను. చెవిలో లైటు వేసి చూసి చుక్కల మందు రాసిచ్చారు, ఐదు రోజులు వేసుకున్నాక మళ్ళీ పోతే చింతగింజంత గులిమి తీశారు. అంతే, మిషన్ లేదు, ఏమీ లేదు. చీటీ ఖర్చు కూడా లేదు. మీలో చెవి కారేవాళ్ళు ఉంటారు, చిన్నప్పటి నుంచీ కారుతూనే ఉంటుంది, అలవాటైపోతుంది. అది కర్ణభేరికి చిల్లు, దానికి మందుంది, ఆపరేషన్ ఉంది. అన్నీ చూశాక, ఇది నరం లోపల పోయిందీ, తిరిగి రాదూ అన్నప్పుడే మిషన్. ఒక చెవి ఉన్నట్టుండి ఒక్క రోజులో పోతే మాత్రం రేపు ఎల్లుండి అనొద్దు, అదే రోజు దవాఖానాకు పొండి, తొందరగా పోతే మందుతో తిరిగొచ్చే అవకాశం ఉంటుంది.

నల్గొండలో 2019లో మెడికల్ కాలేజీ వచ్చింది, మహబూబ్‌నగర్‌లో అంతకు ముందే 2016లో వచ్చింది. కాలేజీ ఉందంటే ఈఎన్‌టీ విభాగం ఉన్నట్టే. పొద్దున్నే ఓపీ చీటీ తీసుకోండి. హైదరాబాద్ పోతే కోఠీలో చెవి, ముక్కు, గొంతుకే సర్కారు పెద్ద దవాఖానా ఉంది. చప్పుడు రాని గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, శబ్దం వినబడగానే బటన్ నొక్కమంటారు. ఆ కాగితం పేరు ఆడియోగ్రాం. ఎర్ర సున్నాలు కుడి చెవి, నీలం ఇంటూ గుర్తులు ఎడమ చెవి. గీత ఎంత కిందికి దిగితే అంత పోయినట్టు. నాది కుడి చెవి 63 డెసిబెల్స్, అంటే శబ్దం అంత గట్టిగా ఉంటేనే వినబడుతుంది, ఎడమ చెవి 68. ఈ కాగితం మీ భూమి పాస్‌బుక్ లాంటిది. జిరాక్స్ తీసి పెట్టుకోండి, ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. ఇది చేతిలో లేకుండా ఏ షాపు మెట్లూ ఎక్కొద్దు.

సరే, సర్కారు దారి. రెండు దారులున్నాయి, మనవాళ్ళు రెంటినీ కలిపేసి గందరగోళం పడతారు. ఒకటి ఆడిప్ అంటారు, వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్ర పథకం, 1981 నుంచి ఉంది. కాన్పూర్‌లో అలింకో అని కేంద్ర ప్రభుత్వ కంపెనీ ఉంది, 1972లో పెట్టింది, మూడు చక్రాల బండ్లు, కృత్రిమ కాళ్ళు, చెవి మిషన్లు చాలావరకు వాళ్ళవే. దీనికి 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. నెల ఆదాయం 22,500 లోపు ఉంటే పూర్తిగా ఉచితం, ముప్పై వేల దాకా అయితే సగం ధర. మన పెన్షన్ ఎంతో మీకూ తెలుసు నాకూ తెలుసు, ఆ ఆదాయం దగ్గర మనలో ఎవరూ ఆగిపోరు! ఒకసారి తీసుకుంటే మూడేళ్ళ దాకా మళ్ళీ ఇవ్వరు, కాబట్టి తెచ్చి గూట్లో పెట్టకండి.

రెండోది వయోశ్రీ, 2017లో మొదలైంది. అరవై దాటినవాళ్ళకు. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్ళకు, లేదంటే నెలకు పదిహేను వేల లోపు ఆదాయం ఉన్నవాళ్ళకు. ఇందులో మంచి సంగతేమిటంటే వైకల్యం సర్టిఫికెట్ అక్కర్లేదు. వయసుతో వచ్చిన చెవుడు చాలు, శిబిరంలో వాళ్ళే పరీక్ష చేసి రాసుకుంటారు. చేతికర్ర, కళ్ళజోడు, పళ్ళసెట్టు, చెవి మిషన్, అన్నీ ఇందులోనే. మరి మనవాళ్ళేం చేస్తారు? అరవై ఎనిమిదేళ్ళ మనిషి సర్టిఫికెట్ కోసం ఏడాది తిరుగుతాడు, అక్కర్లేని కాగితం కోసం! ముందు వయోశ్రీ శిబిరం ఎప్పుడో అడగండి.

సర్టిఫికెట్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది తిట్టుకుంటూ వస్తారు. మొన్నటిదాకా సదరం అన్నాం, ఇప్పుడు యూడీఐడీ కార్డు అంటున్నారు, మీసేవకు పోతే దరఖాస్తు చేసి పెడతారు. అక్కడ శాతం ఎట్లా వేస్తారో తెలుసా? కండక్టరు లెక్క చెప్తా వినండి. మంచి చెవి ఎంత శాతం పోయిందో దాన్ని ఐదుతో గుణిస్తారు, చెడ్డ చెవి పోయిన శాతాన్ని కలుపుతారు, ఆరుతో భాగిస్తారు. ఇప్పుడు ఒకాయనకు ఎడమ చెవి పూర్తిగా పోయింది, వందకు వంద. కుడి చెవి బాగుంది, సున్నా. సున్నాను ఐదుతో గుణిస్తే సున్నా, దానికి వంద కలిపితే వంద, ఆరుతో భాగిస్తే పదహారున్నర చిల్లర. ఒక చెవి మొత్తం పోయినా పదహారే! నలభై ఎక్కడ, పదహారెక్కడ? ఆయన డాక్టర్ను తిట్టి, లంచం ఇవ్వలేదని వేయలేదు అని ఊరంతా చెప్తాడు. లెక్కే అట్లా ఉంది. ఆ లెక్క న్యాయమా కాదా అంటే, నా మటుకు నాకు కాదు. ఒక చెవి పోయినవాడు రోడ్డు దాటితే బండి ఏ వైపు నుంచి వస్తుందో తెలియదు. కానీ అదీ నియమం. నాకు రెండు చెవులూ సమానంగా పోయాయి కాబట్టి నలభై దాటింది. అదృష్టం అనాలా, ఏమనాలి?

శిబిరాల సంగతి ఎవరిని అడగాలి? కలెక్టరేట్‌లో వికలాంగుల, వయోవృద్ధుల సంక్షేమ శాఖ ఉంటుంది. లేదంటే సోమవారం ప్రజావాణిలో దరఖాస్తు ఇవ్వండి, రసీదు తీసుకోండి. రాష్ట్ర ఆఫీసు హైదరాబాద్ మలక్‌పేటలో ఉంది, ఆ చౌరస్తా పేరు నల్గొండ చౌరస్తా. పేరు మనది, తిరుగుడు కూడా మనదే.

తిరుగుడు అన్నాను కదా, ఫ్రీ అంటే ఎంత ఫ్రీయో చూద్దాం. సర్టిఫికెట్‌కు ఒకసారి, కొలతల శిబిరానికి ఒకసారి, పంపిణీకి ఒకసారి. కొలతల రోజు మిషన్ ఇవ్వరు, పేరు రాసుకుంటారు, తర్వాత కొన్ని నెలలకు కబురొస్తుంది. వినబడని మనిషి ఒంటరిగా పోలేడు, పక్కన కొడుకో కోడలో రావాలి, ఆ పూట కూలి పోతుంది. తండాల నుంచి వచ్చేవాళ్ళకు ఆటో కూడా లెక్కే. అయినా నేను ఫ్రీదాన్ని తక్కువ చేయను. ఎందుకు చేయనో చెప్పాలంటే బీరువాలో ఉన్నదాని కథ చెప్పాలి.

నేను ముందు కొన్నాను. రిటైరైన కొత్తలో చేతిలో డబ్బులున్నాయి. ఒక ఊళ్ళో ఒక షాపు, ఏ ఊరో ఏ షాపో అడగొద్దు, ఉచిత చెవి పరీక్ష శిబిరం అని బ్యానరు కట్టారు. టెంటు, కుర్చీలు, మంచినీళ్ళు, అచ్చం సర్కారు శిబిరం లాగే ఉంది. పరీక్ష పది నిమిషాల్లో అయిపోయింది, గది కాదు, కర్టెన్ వెనక, బయట ఆటోల హారన్లు వినబడుతూనే ఉన్నాయి. "సార్, మీకు చెవి లోపల పెట్టుకునేది ఇస్తాం, ఎవరికీ కనబడదు" అన్నాడు. ఎవరికీ కనబడదు అనగానే పడిపోయాను. ఎమ్మార్పీ లక్షా పదహారు వేలు, మీకు సగానికి ఇస్తున్నాం అన్నాడు. యాభై ఎనిమిది వేలు కట్టాను, ఒక్క చెవికి. సంచిలో పెట్టుకొని బస్సెక్కాను. ఊళ్ళో దిగేసరికి నా చెవిలో నా నమిలే చప్పుడే వినబడుతుంది, బయటి మాట లేదు. మూడుసార్లు పోయాను. మొదటిసారి అలవాటవుతుంది అన్నారు. రెండోసారి మిషన్ పెట్టినతను సెలవులో ఉన్నాడన్నారు. మూడోసారి అతను ఉద్యోగమే మానేశాడన్నారు. ఆ తర్వాత మన నల్గొండ ఎండలు, చెమట, నా తలకు కొబ్బరి నూనె, చెవి గులిమి, అన్నీ కలిసి దాని మూతి మూసుకుపోయింది. నా చెవుడుకు అంత చిన్న మిషన్ సరిపడదని తర్వాత తెలిసింది. అది బీరువాలో మా ఆమె బంగారం పక్కన ఉంది. అదీ బంగారమే కదా, యాభై ఎనిమిది వేలు.

తర్వాత రెండేళ్ళకు ఫ్రీ మిషన్ వచ్చింది. చెవి వెనక తగిలించుకునేది, చెవిలోకి ఒక పైపు, దాని చివర మెత్తటి రబ్బరు మూత. వరుసలో నిలబెట్టి ఇచ్చారు, ఎట్లా పెట్టుకోవాలో రెండు నిమిషాలు చూపించారు, నా వెనక వంద మంది ఉన్నారు, వాళ్ళను మాత్రం ఏమనగలం? ఇంటికొచ్చి పెట్టుకుంటే కుయ్యిమని ఈల. నమిలితే ఈల, తల తిప్పితే ఈల, మనవరాలు ముద్దు పెట్టుకోవడానికి దగ్గరికొస్తే ఈల, పిల్ల భయపడి ఏడ్చింది. తీసి డబ్బాలో పెట్టాను. సర్కారు సొమ్ము ఇట్లాగే ఉంటుంది అని అందరితో అన్నాను. నాలుగు నెలలు అన్నాను.

ఆ డబ్బా తీసుకొని ఆ ఆడియాలజిస్టు అమ్మాయి దగ్గరికి పోయింది మా ఆమె పోరు పడలేకే. ఆ అమ్మాయి మిషన్ చూడలేదు ముందు, చెవి చూసింది. "అంకుల్, ఈ రబ్బరు మీ చెవికి వదులు, సందులో నుంచి శబ్దం బయటికొచ్చి మళ్ళీ మిషన్ మైకులోకి పోతుంది, అదే ఈల" అంది. చెవి లోపల చిన్న దూది ముక్క అడ్డం పెట్టి, పిండి ముద్ద లాంటిది గులాబీ రంగుది కలిపి సిరంజితో చెవిలోకి నింపింది. చల్లగా ఉంటుంది, లోకం మొత్తం ఆగిపోయినట్టుంటుంది. ఐదు నిమిషాలకు గట్టిపడింది, మెల్లగా తిప్పి తీసింది. నా చెవి లోపలి ఆకారం నా అరచేతిలో పెట్టింది, చిన్న నత్త మాదిరి ఉంది. దాన్ని చూసి అచ్చు తయారు చేసి వారానికి తెప్పించింది, ఎనిమిది వందలు తీసుకుంది. అచ్చు తొడగగానే ఈల పోయింది. ఎనిమిది వందలతో పోయే ఈలకు నేను నాలుగు నెలలు ప్రభుత్వాన్ని తిట్టాను.

అంతటితో కాలేదు. ఆ మిషన్ వెనక చిన్న మూత తీస్తే లోపల ఆవగింజంత మరలున్నాయి. గడియారాలు బాగుచేసే వాళ్ళ దగ్గరుంటుంది చూడండి సన్నటి స్క్రూడ్రైవరు, అట్లాంటిది తీసుకొని, నా ఆడియోగ్రాం పక్కన పెట్టుకొని, లావు శబ్దాలు తగ్గించి సన్నవి పెంచింది. మళ్ళీ నోటికి అట్ట. పప్పు, తప్పు, కప్పు. ఈసారి ఐదింట్లో మూడు చెప్పాను. పది రోజుల తర్వాత మళ్ళీ రమ్మంది, మళ్ళీ తిప్పింది. నెలకు మళ్ళీ. నాలుగోసారి ఐదుకు ఐదు చెప్పాను. కంప్యూటరుతో సరిచేసే యాభై ఎనిమిది వేలది బీరువాలో ఉంది, మరలతో తిప్పే ఫ్రీది చెవిలో ఉంది. ఎందుకు? మిషన్ గొప్పదని కాదు. ఫ్రీదాన్ని నాలుగుసార్లు కూర్చోబెట్టి సరిచేసిన మనిషి దొరికింది, కొన్నదాన్ని ఒక్కసారి కూడా సరిచేసే మనిషి దొరకలేదు. మీరు అడగాల్సింది సర్కారుదా షాపుదా అని కాదు, దీన్ని మళ్ళీ మళ్ళీ ఎవరు సరిచేస్తారు అని. సర్కారు దగ్గర మిషనుంది, ఆ మనిషి తక్కువ. షాపు దగ్గర మనిషి ఉన్నాడు, కానీ ఆయన అమ్మే మనిషా, సరిచేసే మనిషా చూసుకోవాలి.

సర్కారు వైపు కూడా ఆ మనిషి దొరికే చోటుంది, చాలామందికి తెలియదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, మాట, వినికిడి లోపాల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన సంస్థది ప్రాంతీయ కేంద్రం ఉంది, అలీ యావర్ జంగ్ పేరు మీద. అసలు సంస్థ ముంబైలో ఉంది, ఆ పెద్దమనిషి మాత్రం మన హైదరాబాదాయనే, ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్ చేశాడు, తర్వాత మహారాష్ట్రకు గవర్నరు. అక్కడ పరీక్షలు, మిషన్ అమర్చడం, అచ్చు, అన్నీ ఒకచోటే ఉంటాయి. ఒక రోజు మొత్తం పెట్టుకొని పొండి, సద్ది కట్టుకొని పొండి. ఇక మీ పిల్లలెవరైనా ఫ్యాక్టరీల్లో చేస్తూ ఈఎస్‌ఐ కడుతుంటే, 21,000 లోపు జీతమైతే కడతారు కదా, ఈఎస్‌ఐ ద్వారా కూడా చెవి మిషన్ వస్తుంది, అడగాలి అంతే.

ఎడమ చెవికి మళ్ళీ కొన్నాను. ఇంత జరిగాక కూడా కొన్నావా అంటారు. కొన్నాను, కానీ ఈసారి షాపువాడు నన్ను అడగలేదు, నేను అడిగాను. ఆడియాలజిస్టుకు ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉందా అన్నాను. రిహాబిలిటేషన్ కౌన్సిల్ అని 1992 చట్టంతో వచ్చింది, అందులో నమోదైనవాళ్ళే ఈ పని చేయాలి, గోడ మీద సర్టిఫికెట్ ఉంటుంది, చదవండి. ఇంటికి తీసుకెళ్ళి వారం పెట్టుకొని చూస్తాను, ట్రయల్ ఇస్తావా అన్నాను. బజార్లో, బస్టాండులో, మా ఇంటి వంటగదిలో పెట్టుకుంటేనే తెలుస్తుంది, ఏసీ గదిలో అందరికీ వినబడుతుంది. ఎన్నిసార్లు వచ్చినా ఉచితంగా సరిచేస్తావా, రాసిస్తావా అన్నాను. ఇంకొకటి, ఇది చాలామంది అడగరు, ఈ మిషన్‌ను ఇంకోచోట కూడా సరిచేయించుకోవచ్చా, లేక నీ షాపులోనే నడిచేట్టు తాళం వేసి ఉందా? అట్లా లాక్ చేసినవి ఉంటాయి, షాపు మూస్తే మీ మిషన్ గోవిందా. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకున్నాను. చెవి మిషన్ మీద జీఎస్టీ లేదు, ఎవరైనా కలిపితే ఎందుకని అడగండి.

చానళ్ళు అని చెప్తారు, నాలుగు, ఎనిమిది, పదహారు, ఇరవై నాలుగు. చానల్ పెరిగితే రేటు పెరుగుతుంది, లక్ష దాటి కూడా పోతుంది. ఇది మోసం కాదు, ఎక్కువ చానళ్ళుంటే శబ్దాన్ని ఎక్కువ ముక్కలు చేసి విడివిడిగా సరిచేయొచ్చు, గోలలో కొంచెం మేలు. మీరు ఇప్పటికీ మీటింగులకు తిరుగుతారా, దుకాణంలో కూర్చుంటారా, పెట్టండి డబ్బు. అరుగు మీద కూర్చొని మనవళ్ళతో మాట్లాడటానికి పదహారు చానళ్ళెందుకు? నేను ఎనిమిది చానళ్ళది ఇరవై నాలుగు వేలకు తీసుకున్నాను. రెండు చెవులకు రెండు రకాలు పెట్టుకోవద్దని కొందరంటారు, నాకైతే కుదిరింది. మీకు కుదరకపోవచ్చు, చూసుకొని చేయండి.

ఫ్రీదైనా కొన్నదైనా బ్యాటరీ ఖర్చు మనదే. శిబిరంలో కొన్ని ఇస్తారు, అవి అయిపోతాయి. సైజు స్టిక్కరు రంగును బట్టి తెలుస్తుంది, 13 నంబరు నారింజ, 675 నీలం, 312 గోధుమ రంగు. ఈ స్టిక్కరు తీశాక వెంటనే పెట్టకండి, ఒక నిమిషం గాలికి ఉంచండి, అది గాలి పీల్చుకొని పనిచేసే బ్యాటరీ. స్టిక్కరు తీసి మళ్ళీ అంటించి దాచుకుందామంటే కుదరదు, తీసినప్పటి నుంచి అది ఖర్చవుతూనే ఉంటుంది. రాత్రి పడుకునేటప్పుడు మిషన్ తీసి, బ్యాటరీ తలుపు తెరిచి, డబ్బాలో తేమ పీల్చే గోళీలు వేసి పెట్టండి. మన ఎండాకాలం చెమటకు ఇది తప్పదు. రుమాలు చుట్టుకునేవాళ్ళు చెవుల మీదుగా చుట్టకండి, మిషన్ మైకు మూసుకుపోతుంది.

పెట్టుకున్న మొదటి రోజే మంచిగా వినబడాలి అనుకుంటే దెబ్బతింటారు. నాకు మొదటివారం ప్లాస్టిక్ కవరు చప్పుడు కూడా పటాకులు పేలినట్టుంది. చెప్పుల చప్పుడు, ఫ్యాను చప్పుడు, గోడ గడియారం టిక్కు టిక్కు. ఇరవై ఏళ్ళ నుంచి ఆ గడియారం మా ఇంట్లో ఉంది, అది చప్పుడు చేస్తుందని మరిచేపోయాను. మెదడు ఏది వినాలో ఏది వదలాలో మళ్ళీ నేర్చుకోవాలి, నెల రెండు నెలలు పడుతుంది. ముందు రోజుకు రెండు గంటలు, ఇంట్లోనే, ఒక్క మనిషితో మాట్లాడుతూ.

పిల్లల సంగతి ఒక్క మాట. మనం పెద్దవాళ్ళం ఆగితే ఆగొచ్చు, పిల్లల విషయంలో ఆగొద్దు. "వాళ్ళ నాయనకు కూడా మూడేళ్ళకే మాటలొచ్చినయి" అని నాయనమ్మలు అంటుంటారు. వినబడని పిల్లకు మాట రాదు, వయసు దాటితే వచ్చే మాట కూడా తగ్గిపోతుంది. పుట్టిన పిల్లకు కూడా చెవి పరీక్ష ఉంది, నిద్రపుచ్చి చేస్తారు. అంగన్‌వాడీకి, బడికి పిల్లల్ని చూడటానికి వచ్చే సర్కారు డాక్టర్లుంటారు, ఆర్‌బీఎస్‌కే అంటారు, వాళ్ళకు చెప్పండి, పుట్టుకతో వచ్చిన చెవుడు వాళ్ళ జాబితాలో ఉంది. మిషన్‌తో కూడా వినబడని పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ అని ఆపరేషన్, లక్షల ఖర్చు, అది సర్కారు పథకాల్లో ఉచితంగా చేస్తారు, కానీ ఐదేళ్ళ లోపే పోవాలి.

మరి మనకెందుకు ఇట్లా అయిందని అడుగుతారు. వయసు ఒకటి. చప్పుడు ఒకటి. ఎనిమిది గంటలు 85 డెసిబెల్స్ దాటిన చప్పుడులో ఏళ్ళ తరబడి పనిచేస్తే లోపలి నరాల వెంట్రుకలు రాలిపోతాయి, అవి మళ్ళీ మొలవవు. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో చేసినవాళ్ళను చూడండి, మాట్లాడితే అరుస్తారు, కోపం కాదది. నాగార్జునసాగర్ నుంచి సొరంగాల దాకా బండలు డ్రిల్లు కొట్టింది మన పాలమూరు లేబరే, వాళ్ళ చెవులెవరు చూశారు? పాత రోజుల్లో టీబీకి ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్ళలో కొందరికి కూడా చెవి దెబ్బతింది. మిల్లులో, క్రషర్లో పనిచేసే పిల్లలుంటే చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిళ్ళలు కొనివ్వండి, పది ఇరవై రూపాయలు.

ఇక మీరు అడగండి. ఒక్కొక్కళ్ళే అడగండి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, నా ముఖం చూసి అడగండి. కుడివైపు వచ్చి అడిగితే ఇంకా మంచిది, ఎడమదాంట్లో బ్యాటరీ అయిపోవచ్చింది, ఇందాక పిల్లల గురించి చెప్తున్నప్పుడే రెండుసార్లు బీప్ కొట్టింది.